కేస్ వెన్ నెమ్మదిస్తే ఎక్కడ పట్టుకోవాలి: వడ్ల కొనుగోలు లెక్కతో ఒక గైడ్

మిర్యాలగూడ, హాలియా వైపు వడ్ల కొనుగోలు డేటాతో ఎప్పుడైనా కుస్తీ పట్టినవాళ్లకు ఈ తరహా ఎస్‌క్యూఎల్ క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) కొత్తేమీ కాదు. తేమ 17 శాతం దాటితే ఆ కుప్పకు ప్రస్తుతానికి డబ్బు సున్నా. సన్నవడ్లయితే మద్దతు ధర మీద బోనస్. మిగతాదంతా మామూలు ధర. 2025-26 ఖరీఫ్ మార్కెటింగ్ సీజన్‌కు క్వింటాకు గ్రేడ్-ఏ ధర 2389 రూపాయలు, సాధారణ రకానికి 2369. సన్నాలకు 2024 వానాకాలంలో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన బోనస్ 500. సన్నాలన్నీ గ్రేడ్-ఏ అనుకుని రాస్తే లెక్క ఇలా ఉంటుంది:

కేస్
  వెన్ తేమ > 17 దెన్ 0
  వెన్ రకం = 'సన్న' దెన్ క్వింటాళ్లు * 2889
  ఎల్స్ క్వింటాళ్లు * 2369
ఎండ్

కేస్ పై నుంచి ఒక్కో వెన్ షరతు చూస్తుంది. మొదట నిజమైనదాని పక్కనున్న దెన్ విలువ ఇస్తుంది, ఏదీ నిజం కాకపోతే ఎల్స్ విలువ. (కీవర్డ్‌లను ఇక్కడ తెలుగులో రాస్తున్నా. మీరు మామూలుగానే టైప్ చేసుకోండి.)

క్వెరీ రాసేవాళ్లకు పని ఇంతటితో అయిపోతుంది. దీన్ని నడిపే డేటాబేస్ ఇంజిన్‌లో చెయ్యి పెట్టాల్సి వచ్చినవాళ్ల కోసం ఈ గైడ్. డేటాను ఒక్కో వరుసగా కాకుండా కాలమ్‌లుగా, బ్యాచ్‌లుగా నడిపే ఇంజిన్‌లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా. అలాంటి ఇంజిన్ డక్‌డీబీ ఒక్కసారికి 2048 వరుసలు తీసుకుంటుంది. అలాంటిదే ఇంకో ఇంజిన్ డేటాఫ్యూజన్‌లో మామూలు సెట్టింగ్ 8192. వరుస వెంట వరుస నడిచే పాతకాలపు ఇంజిన్‌లో కేస్ అంటే మామూలు ఇఫ్, ఎల్స్ లాంటిదే, పెద్ద చిక్కు లేదు. 8192 వరుసలు ఒకేసారి వచ్చి, వాటిలో కొన్ని ఒక దారిన, కొన్ని ఇంకో దారిన పోవాల్సినప్పుడే అసలు తలనొప్పి.

మొదటి మెట్టు: 8 వరుసలు తీసుకుని చేత్తో నడపండి

కోడ్ ముట్టుకునే ముందు కాగితం మీద ఒక చిన్న బ్యాచ్ వేసుకోండి. తేమ కాలమ్: 15, 18.5, 16, నల్, 14, 17, 20, 16.5. నాలుగో వరుసలో తేమ ఎంట్రీ పడలేదు. మీటర్ పనిచేయలేదో, ఆపరేటర్ మర్చిపోయాడో. ఒకటో వరుస, ఐదో వరుస సన్నవడ్లు. మిగతావన్నీ దొడ్డువడ్లు.

మొదటి కండిషన్ నడపండి. 2, 7 వరుసలకు నిజం. ఆరో వరుసలో తేమ సరిగ్గా 17, దాటలేదు కాబట్టి అబద్ధం. నాలుగో వరుసకు నల్ > 17 అంటే జవాబు నిజమూ కాదు, అబద్ధమూ కాదు, ‘తెలియదు’. ఎస్‌క్యూఎల్ నియమం ప్రకారం నిజం అయితేనే దెన్ పడుతుంది. తెలియనిది కిందికి జారిపోతుంది. అంటే తేమే చూడని ఆ కుప్పకు ఎల్స్‌లో పూర్తి ధర కట్టేస్తున్నామన్నమాట! క్వెరీ రాసినవాళ్ల ఉద్దేశం అది కాకపోవచ్చు. కానీ ఇంజిన్‌కు ఉద్దేశాలతో పని లేదు, రాసింది రాసినట్టు నడపాలి.

ఇక్కడే ఇంజిన్ రాసేవాళ్లు తరచూ జారిపడే చోటు ఉంది. మిగిలిన వరుసలు ఏవో తెలుసుకోవడానికి మాస్క్‌కు (ఏ వరుసకు కండిషన్ నిజమో చెప్పే బిట్‌ల వరుసకు) ‘నాట్’ వేస్తాం కదా. నాట్ నల్ అంటే మళ్లీ నల్లే. అలా వేస్తే నాలుగో వరుస అటు దెన్‌లోకీ పోదు, ఇటు మిగిలినవాటిలోకీ రాదు. ఫలితంలో దానికి నల్ పడుతుంది. ఎర్రర్ రాదు, ఎవరూ గమనించరు, మొత్తంలో నాలుగు డబ్బులు తగ్గుతాయి. కాబట్టి కండిషన్ ఫలితం రాగానే నల్‌లను అబద్ధంగా మార్చి, ఆ తర్వాతే నాట్ వెయ్యండి. అపాచీ యారోలో (కాలమ్‌లను మెమరీలో దాచే ఫార్మాట్) ఇది చాలా చవక: విలువల బిట్‌మ్యాప్‌నూ, నల్ కాదని చెప్పే బిట్‌మ్యాప్‌నూ ‘యాండ్’ చేస్తే చాలు.

రెండో కండిషన్ ఇక 8 వరుసల మీద అక్కర్లేదు, మిగిలిన 6 మీద చాలు. అందులో 1, 5 వరుసలు సన్నాలు. ఎల్స్‌కు 3, 4, 6, 8 మిగిలాయి. లెక్క చూస్తే కండిషన్లు 8 + 6, గుణకారాలు 2 + 4. బద్ధకిస్తే తప్ప ఇంతకు మించి చేయాల్సిన పని లేదు. మీ ఇంజిన్ ఇంతకంటే ఎంత ఎక్కువ చేస్తోందో పట్టుకోవడమే మిగతా మెట్లన్నీ.

రెండో మెట్టు: సమయం ఎక్కడ పోతోందో చూడండి

ఒకే టేబుల్ మీద రెండు క్వెరీలు నడపండి. ఒకదాంట్లో తేమ, రకం, క్వింటాళ్లు కాలమ్‌లను కేస్ లేకుండా కూడిక, లెక్కింపు లాంటి చిన్న పనికి వాడండి. రెండోదాంట్లో పై కేస్ పెట్టండి. రెంటికీ ఉన్న తేడానే కేస్ ఖర్చు. ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ అనే కమాండ్ క్వెరీలోని ఏ ఆపరేటర్‌లో (పని మెట్టులో) ఎంతసేపు అయిందో చెబుతుంది గానీ ఒక ఎక్స్‌ప్రెషన్ లోపల ఏం జరిగిందో చెప్పదు. దానికి ప్రొఫైలర్ కావాలి. ఫ్లేమ్‌గ్రాఫ్ (ఏ ఫంక్షన్‌లో ఎంత సమయం పోయిందో వెడల్పుగా చూపే బొమ్మ) తీసి చూస్తే గుణకారం సన్నటి గీతలా ఉండి, ఫిల్టర్, టేక్, కాపీ లాంటి పేర్లు వెడల్పుగా పరుచుకుని ఉంటే మీ సమస్య లెక్కలో లేదు, సర్దుడులో ఉంది. చాలాసార్లు అదే ఉంటుంది.

డీబగ్ బిల్డ్ మీద కొలిచి టెన్షన్ పడొద్దు. రస్ట్‌లో గానీ సీ ప్లస్ ప్లస్‌లో గానీ ఆప్టిమైజ్ చేయని బిల్డ్ అంకెలు దేనికీ పనికిరావు.

మూడో మెట్టు: అక్కర్లేని కాలమ్‌లను లోపలికి రానివ్వకండి

మొదటగా పట్టాల్సింది ఇదే. కష్టం తక్కువ, లాభం ఎక్కువ.

మిగిలిన 6 వరుసలను విడదీయడానికి సూటిగా రాసే కోడ్ బ్యాచ్ మొత్తాన్ని ఫిల్టర్ చేస్తుంది. కొనుగోలు టేబుల్‌లో రైతు పేరు, ఊరు, పట్టాదారు పాస్‌బుక్ నంబరు, బ్యాంకు ఖాతా, లారీ నంబరు, మిల్లు పేరు, ఇలా 40 కాలమ్‌లు ఉన్నాయనుకోండి. కేస్‌కు కావాల్సినవి మూడే. మిగతా 37 కాలమ్‌లను ప్రతి బ్రాంచికీ (ఒక్కో వెన్-దెన్ దారికీ, ఎల్స్‌కూ) ఫిల్టర్ చేసి, ఎవరూ చూడకుండానే పారేస్తున్నాం. అందులో పేర్లు, ఊర్ల లాంటి టెక్స్ట్ కాలమ్‌లు మరీ ఖరీదు. అంకెల కాలమ్‌లో ఒక్కో విలువకు 8 బైట్లు కదిపితే సరిపోతుంది. టెక్స్ట్‌కు ఆఫ్‌సెట్‌లు (ఒక్కో మాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకెలు) మళ్లీ కట్టాలి, అక్షరాలు కాపీ చేయాలి.

చేయాల్సింది ఏమిటంటే, కేస్ లోపల ఎక్కడెక్కడ ఏ కాలమ్‌లు వాడారో, క్వెరీ నడిపే ముందు ప్లాన్ కట్టేటప్పుడే ఒక్కసారి ఏరిపెట్టుకోండి. ఆ మూడింటితోనే చిన్న బ్యాచ్ తయారుచేసి లోపలికి పంపండి. చిన్న బ్యాచ్‌లో కాలమ్ నంబర్లు మారతాయి. పాత 17వ కాలమ్ ఇప్పుడు 0వది కావచ్చు. కాబట్టి లోపలి ఎక్స్‌ప్రెషన్‌లలో నంబర్లు తిరగరాయాలి. దీన్ని కూడా ప్లాన్ దగ్గరే ముగించండి. ప్రతి బ్యాచ్‌కూ తిరగరాస్తే మిగిల్చిందంతా అక్కడే పోతుంది. టేబుల్‌లో ఉన్న కాలమ్‌లన్నీ కేస్‌లో వాడేసి ఉంటే ఈ మెట్టు మొత్తం దాటేయొచ్చు.

నాలుగో మెట్టు: మిగిలినవాటినే నడపండి, కానీ మొండిగా కాదు

ప్రతి బ్రాంచి తర్వాత మిగిలిన వరుసలు తగ్గాలి. మొదటి కండిషన్‌లో 8, రెండోదాంట్లో 6, ఎల్స్‌లో 4. మిగిలినవి సున్నా అయితే అక్కడే ఆపేయండి. ఏ వరుసా నిజం కాకపోతే ఫిల్టర్ చేయకుండా అదే బ్యాచ్‌ను తర్వాతి బ్రాంచికి అందించండి. అన్నీ నిజమైతే దెన్‌ను మొత్తం బ్యాచ్ మీద నడిపి నేరుగా ఫలితంగా ఇచ్చేయండి.

ఈ షార్ట్‌కట్‌లు అరుదుగా పనికొస్తాయని కొందరు తీసిపారేస్తారు. మన డేటానే చూడండి. కొనుగోలు రికార్డులు తేదీ వరుసలో పడతాయి. వానాకాలం పంట కోతలు అక్టోబరు, నవంబరుల్లో. మబ్బు పట్టి, మంచు కురిసి, కల్లంలో వడ్లు ఆరవు. 17 దాటినవి బ్యాచ్‌కు బ్యాచే వస్తాయి. యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండల్లో వస్తాయి. అకాల వాన పడితే తప్ప ఆ కండిషన్ ఎవరికీ తగలదు. అంటే సగటు చూసి ‘ఈ బ్రాంచికి ఇంత శాతం పోతుంది’ అని ప్లాన్ దగ్గర నిర్ణయించుకోవడం కంటే, బ్యాచ్ చేతికొచ్చాక మాస్క్‌లో బిట్‌లు లెక్కపెట్టి అప్పటికప్పుడు దారి ఎంచుకోవడం నయం. 8192 వరుసల మాస్క్ అంటే 1024 బైట్లే. బిట్‌లు లెక్కపెట్టడానికి ప్రాసెసర్‌లో ప్రత్యేకంగా ఇన్‌స్ట్రక్షన్ ఉంది. ఖర్చు లెక్కలోకి రాదు.

ఇక రెండో వైపు. క్వింటాళ్లు * 2369 లాంటి చిన్న గుణకారాన్ని 8192 వరుసలకూ చేసేయడం, వరుసలు ఏరి ఓ పక్కన పెట్టడం కంటే తొందరగా అయిపోవచ్చు. ప్రాసెసర్ ఒక్క దెబ్బలో నాలుగో ఎనిమిదో అంకెలు గుణిస్తుంది. ఏరడానికి అంత సులువుగా లొంగదు. కాబట్టి ఎక్స్‌ప్రెషన్ చవకదైతే రెండు వైపులా మొత్తం లెక్కేసి, మాస్క్ చూసి ఒకటి ఎంచుకోవడమే వేగం.

అయితే దీనికి ఒక షరతు ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు: ఆ ఎక్స్‌ప్రెషన్ ఎట్టి పరిస్థితిలోనూ ఎర్రర్ ఇవ్వకూడదు. ఇంకో ఉదాహరణ తీసుకోండి. సంచికి 40 కిలోలు రావాలి, తరుగు పేరుతో ఎంత కోశారో చూడాలి:

కేస్ వెన్ సంచులు > 0 దెన్ తూకం / సంచులు ఎండ్

కాంటా అయ్యాక సంచుల సంఖ్య ఎక్కించని వరుసల్లో 0 ఉంటుంది. కేస్ పెట్టిందే ఆ సున్నాను తప్పించడానికి. వేగం కోసం భాగహారాన్ని అన్ని వరుసలకూ నడిపితే, తప్పించాలనుకున్న ఎర్రర్‌ను మనమే పిలిచి కూర్చోబెట్టినట్టు. భాగహారం ఒక్కటే కాదు. టెక్స్ట్‌ను అంకెగా మార్చే కాస్ట్, ఓవర్‌ఫ్లో అయితే ఆగిపోయే పూర్ణాంకాల గుణకారం, డెసిమల్ లెక్కలు కూడా ఇదే కోవ. డబ్బు లెక్కలు ఎక్కువగా డెసిమల్‌లోనే ఉంటాయి కాబట్టి పై గుణకారాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మొద్దు. ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ అంకెలను ఉజ్జాయింపుగా దాచే రకం) గుణకారం అయితే ఇలాంటి ఇంజిన్‌లలో సాధారణంగా ఎర్రర్ ఇవ్వదు. నా మటుకు నేను ఒక చిన్న జాబితా పెట్టుకుంటా: కాలమ్, స్థిరాంకం, పోలిక, నల్ పరీక్ష, భాగహారం తప్ప మిగతా ఫ్లోట్ లెక్కలు. ఇవైతేనే మొత్తం బ్యాచ్ మీద నడపడానికి ఒప్పుకుంటా. జాబితాలో లేనిదేదైనా ప్రమాదకరమే అనుకోవడం మంచిది. రాండమ్ లాంటి ఫంక్షన్లు కూడా బయటే.

ఐదో మెట్టు: కలిపేది చివర్లో, ఒక్కసారే

పాత పద్ధతిలో ప్రతి బ్రాంచి ఫలితాన్నీ 8192 పొడవుకు సాగదీసి, ఇప్పటిదాకా వచ్చిన ఫలితంతో కలిపి, కొత్త కాలమ్ తయారుచేస్తారు. పది బ్రాంచిలుంటే 81,920 విలువలు రాస్తున్నాం, కావాల్సింది 8192. సంచి నిండిన ప్రతిసారీ కల్లంలో రాశి మొత్తాన్ని ఇంకో పక్కకు తిరగబోసినట్టుంటుంది ఇది.

దీనికి బదులు రెండు విషయాలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి, ప్రతి బ్రాంచి ఫలితం ఎంత పొట్టిగా వస్తే అంత పొట్టిగానే దాచడం. రెండు, ఏ వరుస ఏ బ్రాంచికి పోయిందో చెప్పే చిన్న పట్టిక. మన 8 వరుసలకు బ్రాంచిలను 0, 1, 2 అంటే పట్టిక ఇది: 1, 0, 2, 2, 1, 2, 0, 2. బ్రాంచి 0 ఫలితం ఒకే స్థిరాంకం, 0. దాన్ని సాగదీయాల్సిన పనే లేదు. బ్రాంచి 1 దగ్గర రెండు విలువలు, బ్రాంచి 2 దగ్గర నాలుగు. ప్రతి బ్రాంచికీ ఒక వేలు పెట్టుకోండి. పట్టికను ఎడమ నుంచి చదువుతూ, 1 వస్తే బ్రాంచి 1 నుంచి విలువ తీసి వేలు ముందుకు జరపండి. 2 వస్తే బ్రాంచి 2 నుంచి. ఒక్క దఫా నడిచేసరికి ఫలితం తయారు. బ్రాంచిలు 256 లోపు ఉంటే పట్టికకు వరుసకు ఒక్క బైటు చాలు.

ఇది నడవాలంటే మిగిలిన వరుసల అసలు నంబర్లు కూడా వెంట తీసుకెళ్లాలి. రెండో కండిషన్ మాస్క్‌లో నాలుగో బిట్ అంటే ఐదో వరుస అని తెలియాలి కదా. వరుస నంబర్లను ఒక కాలమ్‌గా పెట్టి మిగతావాటితో పాటే ఫిల్టర్ చేస్తే అదే నడుస్తుంది.

ఆరో మెట్టు: తరచూ కనిపించే ఆకారాలకు అడ్డదారి

అందరూ రాసే కేస్‌లు కొన్ని ఆకారాల్లోనే ఉంటాయి. పై యంత్రాంగం అంతా వాటికి దండగ.

దెన్‌లో ఉత్త కాలమ్, ఎల్స్ లేదు: ఫలితం అదే కాలమ్, కొన్ని చోట్ల నల్. విలువలను కదపనే అక్కర్లేదు. నల్ బిట్‌మ్యాప్‌ను మాస్క్‌తో యాండ్ చేసి, విలువల బఫర్‌ను పాతదే పంచుకోండి. డేటాఫ్యూజన్ ఈ ఆకారాన్ని విడిగా గుర్తుపడుతుంది.

ఒకే కండిషన్, దెన్‌లోనూ ఎల్స్‌లోనూ స్థిరాంకాలు: మాస్క్ చూసి రెండింట్లో ఒకటి నింపుకుంటూ పోవడమే.

కోడ్‌లను పేర్లుగా మార్చేవి: ‘కేస్ మండలం_కోడ్ వెన్ 1 దెన్ 'నిడమనూరు' వెన్ 2 దెన్ 'వేములపల్లి'...’ అంటూ సాగేవి. నల్లగొండ జిల్లాలో ముప్పై పైచిలుకు మండలాలున్నాయి కాబట్టి వరుసకు అన్నేసి పోలికలు. అన్ని వెన్‌లూ స్థిరాంకాలైతే ప్లాన్ దగ్గరే హ్యాష్ టేబుల్ కట్టేసి వరుసకు ఒక్కసారి వెతకండి. రెండు జాగ్రత్తలు: ఒకే కోడ్ రెండుసార్లు రాసి ఉంటే మొదటిదే చెల్లాలి, హ్యాష్‌లో రెండోది దాని మీద రాసేయకూడదు. నల్ దేనితోనూ సరిపోలదు, ‘వెన్ నల్’ అని రాసినా సరే.

డిక్షనరీగా దాచిన (ఒక్కో పేరును ఒక్కసారే రాసి, వరుసల్లో దాని కోడ్ మాత్రమే ఉంచిన) టెక్స్ట్ కాలమ్: మండలం పేరు మీద మాత్రమే ఆధారపడే కేస్ అయితే 8192 వరుసలకు కాకుండా డిక్షనరీలోని ఆ ముప్పై పైచిలుకు పేర్లకే నడిపి, ఫలితాన్ని కోడ్‌లతో పరచొచ్చు. కానీ డిక్షనరీలో ఉండి ఈ బ్యాచ్‌లో ఎవరూ వాడని పేరు కూడా ఉండొచ్చు. దాని మీద ఎర్రర్ ఇచ్చే ఎక్స్‌ప్రెషన్ నడిపితే, లేని వరుసకు క్వెరీ పడిపోతుంది. నాలుగో మెట్టులోని జాబితా ఇక్కడా వాడండి.

ఏడో మెట్టు: ప్లానర్ అతితెలివి చూపకుండా చూడండి

స్థిరాంకాలను ముందే లెక్కేయడం మంచిదే. కానీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డాక్యుమెంటేషన్‌లోనే ఒక హెచ్చరిక ఉంది: ‘కేస్ వెన్ ఎక్స్ > 0 దెన్ ఎక్స్ ఎల్స్ 1/0 ఎండ్’ అని రాస్తే, ఎల్స్‌లోకి ఏ వరుసా పోకపోయినా ప్లానింగ్‌లోనే సున్నాతో భాగహారం ఎర్రర్ రావచ్చు. మీ ఇంజిన్‌లో స్థిరాంకాన్ని మడవబోతే (అంటే ముందే లెక్కేయబోతే) ఎర్రర్ వచ్చిందనుకోండి, ఆ ముక్కను మడవకుండా అలాగే వదిలేయండి. అవసరం పడితే నడిచేటప్పుడే పడుతుంది.

ఒకే ముక్క రెండు చోట్ల కనిపిస్తే ఒక్కసారే లెక్కేసి పంచుకునే ఆప్టిమైజేషన్‌తోనూ ఇదే పేచీ. తూకం / సంచులు రెండు దెన్‌లలో ఉందని దాన్ని కేస్ బయటికి లాగితే కాపలా పోయినట్టే. ఖాయంగా నడిచేది మొదటి వెన్ కండిషన్ ఒక్కటే. బయటికి లాగడానికి దానిలోని ముక్కలకే అనుమతి ఇవ్వండి.

బ్రాంచిల వరుస మార్చడం జోలికి ఇంజిన్ పోకపోవడమే మేలు. ముందున్నదే గెలుస్తుందన్న నియమం మీద జనం లెక్కలు కట్టుకుని ఉంటారు.

క్వెరీలో వరుసలను వడకట్టే ‘వేర్’ భాగంలో కేస్ ఉంటే మాత్రం విప్పడానికి ప్రయత్నించండి. ‘కేస్ వెన్ తేమ > 17 దెన్ 0 ఎల్స్ 1 ఎండ్ = 0’ అంటే తేలిగ్గా ‘తేమ > 17’. ఇలా విప్పితే పార్కే ఫైల్‌లో (డేటాను కాలమ్‌లుగా డిస్క్ మీద దాచే ఫార్మాట్) ఒక్కో రో గ్రూపుకు, అంటే వరుసల గుంపుకు, రాసి ఉన్న కనిష్ఠ, గరిష్ఠ విలువలు చూసి, తేమ ఎక్కడా 17 దాటని యాసంగి రో గ్రూపులను చదవకుండానే వదిలేయొచ్చు. అదే ‘= 1’ అయితే ‘తేమ <= 17’ అని రాయకండి. మన నాలుగో వరుస గుర్తుందిగా, అక్కడ అది తప్పిపోతుంది. ‘తేమ > 17 ఈజ్ నాట్ ట్రూ’ అని రాయాలి.

ఎనిమిదో మెట్టు: బెంచ్‌మార్క్ కంటే ముందు టెస్ట్

ఒక్కో వరుసను విడిగా తీసుకుని ఇఫ్, ఎల్స్‌తో నడిపే మొద్దు ఇంటర్‌ప్రిటర్ ఒకటి రాసిపెట్టుకోండి. వేగం అక్కర్లేదు, చదివితే తప్పు లేదని తెలియాలి, అంతే. యాదృచ్ఛికంగా కట్టిన బ్యాచ్‌లను దీని మీద, కొత్త కోడ్ మీద నడిపి ఫలితాలు పోల్చండి. ఖాళీ బ్యాచ్, ఒకే వరుస ఉన్న బ్యాచ్, అన్నీ నల్, మొదటి బ్రాంచికే అన్నీ, ఎల్స్‌కే అన్నీ, ఇవి తప్పనిసరిగా ఉండాలి. మధ్యలోంచి కోసిన స్లైస్‌లు కూడా పెట్టండి. యారోలో బిట్‌మ్యాప్ ఎనిమిది గుణిజం కాని చోట మొదలైతే బిట్‌ల లెక్క తప్పే బగ్‌లు అక్కడే దాక్కుంటాయి. మూడో వరుస నుంచి కోసి చూడండి.

ఎర్రర్‌లను కూడా పోల్చాలి. సంచులు 0 ఉన్న వరుసను వెన్ ఆపేస్తే క్వెరీ నడవాలి. ఆ వెన్ తీసేస్తే పడిపోవాలి. వేగం పెంచిన కోడ్ రెండో సందర్భంలో కూడా నిశ్శబ్దంగా నల్ ఇచ్చి పోతుంటే, మొద్దు ఇంటర్‌ప్రిటర్‌తో తేడా అక్కడే బయటపడుతుంది. ఇవన్నీ పాసయ్యాక వానాకాలం, యాసంగి బ్యాచ్‌లను కలపకుండా విడివిడిగా కొలవండి. కలిపి తీసిన సగటు రెండింటిలో దేని పరిస్థితినీ చెప్పదు.